మబ్బు కింద మంచు

జువ్వలదిన్నె హార్బరులో పడవలు ఒడ్డుకు చేరే వేళకు ఐసు లారీ వచ్చి నిలబడుతుంది. మరలో ఐసు దిమ్మెలు వేసి పొడి కొడుతుంటే ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. తొట్టెల్లోకి జారే ఆ తెల్లటి పొడి మీంచి చల్లటి ఆవిరి లేస్తుంది. మొన్న చేపల కోసం వెళ్ళి ఆ లారీ పక్కన నిలబడ్డాను. ఐసు పలుకులు ఎగిరివచ్చి మోచేతి మీద పడ్డాయి. ఉప్పుగాలి, చేపల నీచు, డీజిలు పొగ, వాటి మధ్య ఆ చల్లదనం. ఒక్కసారిగా కృపామణి గారు పక్కన నిలబడి, చీర కొంగు నడుముకు దోపుకుని, తొట్టెలోకి వంగి చూస్తున్నట్టే అనిపించింది.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు. పేపర్లలో ఫోటోలు పడిన మనిషి కాదు. బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టారు. చదువు పూర్తయ్యాక ఉత్తరాదికి వెళ్ళి, వయసులో సగభాగం హిమాలయాల మంచును అధ్యయనం చేయడంలో గడిపారు. తర్వాత నెల్లూరుకు తిరిగివచ్చి, సముద్రం వైపు పోయే రోడ్డులో, తోటపల్లి గూడూరుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న కాలేజీ మేడ మీద గదిలో కూర్చుని, ఎక్కడో ఉత్తరాన కొండల మీద ఏ రోజు ఎంతమేర మంచు పరచుకుని ఉందో ఉపగ్రహ చిత్రాలు చూసి మ్యాపులు గీసేవారు. కిటికీలోంచి చూస్తే కనిపించేవి రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. లోపల తెర మీద మాత్రం మంచుకొండలు. ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారే ఆ గదిలో నేను నేర్చుకున్న దానిమీదే ఇవాళ్టికీ బతుకుతున్నాను.

నా పేరు సుజాత. మా నాన్న సముద్రం మీద చేపల వేటకు పోతాడు. నెల్లూరులో ఎమ్మెస్సీ చదివి, రొయ్యల గుంటల మ్యాపులు తయారుచేసే ఒక ఆఫీసులో పనిచేస్తుండగా, కాలేజీలో ఎవరో మేడం మంచు మ్యాపుల పనికి మనిషిని వెతుకుతున్నారని విన్నాను. నెల్లూరులో మంచేమిటని నవ్వుకుంటూనే వెళ్ళాను. ఆవిడ నా సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టి, మొదట అడిగిన ప్రశ్న ఇది:

"మంచు ఎప్పుడైనా చూశావా అమ్మా?"

"చూశాను మేడం. ధనుర్మాసంలో మా ఊళ్ళో పొద్దున్నే బాగా పడుతుంది. ఒక్కోరోజు ఒడ్డున నిలబడితే పడవలు కూడా కనిపించవు."

ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వారు. "అది మంచు కాదు తల్లీ, నేలకు దిగిన మబ్బు. మబ్బునూ మంచునూ విడదీసే పనికి నిన్ను పిలిస్తే, మొదటి మాటలోనే రెంటినీ కలిపేసినావే!"

నా ముఖం చిన్నబోయి ఉండాలి. వెంటనే అన్నారు, "నీ తప్పేం లేదులే. మన భాషలోనే రెంటికీ ఒకటే మాట. పైన తిరిగే ఉపగ్రహానిదీ ఇదే తిప్పలు. తెల్లగా కనిపించిందల్లా దానికి ఒకటే. రేపటి నుంచి రా."

చేరిన కొత్తలో ఒక శనివారం పొద్దున, మంచి చేపలు ఇప్పిస్తావా అంటూ నాతోపాటు జువ్వలదిన్నె వచ్చారు. చేపల సంగతి మర్చిపోయి ఐసు లారీ దగ్గర ఆగిపోయారు. మా ఊరివాళ్ళు ఆ పెద్దావిడ ఎవరా అని చూస్తున్నారు. ఆవిడకు అదేం పట్టలేదు. మర ఆగేదాకా ఉండి, తొట్టె వైపు చెయ్యి చూపించారు.

"ఐసు పొడి తెల్లగా ఉండాది. దానిమీద లేచే ఆవిరీ తెల్లగానే ఉండాది. పైనుంచి ఫోటో తీస్తే ఏది ఏదో ఎట్టా తెలుస్తుంది?"

"ఆవిరి కదులుతుంది మేడం. ఐసు కదలదు."

"బాగా చెప్పినావు. అది సగం జవాబు. రెండో సగం నేను చెప్తా విను. మన కంటికి కనిపించని వెలుగు ఒకటుంది. ఉపగ్రహం దాన్ని చూడగలదు. ఆ వెలుగును మంచు మింగేస్తుంది, మబ్బు తిప్పికొడుతుంది. అందుకని ఆ వెలుగులో తీసిన చిత్రంలో మబ్బు తెల్లగానే ఉంటుంది, మంచు మాత్రం నల్లబడిపోతుంది. అట్టా విడదీస్తాం." ఆ తర్వాత ఆవిరిలోంచి చెయ్యి తొట్టెలోకి పోనిచ్చి ఐసు గుప్పెడు పైకి తీశారు. "ఇంతవరకు తేలికే. అసలు కష్టం ఇదీ. ఆవిరి కమ్మేసినప్పుడు దానికింద తొట్టెలో ఐసు ఉందా, ఖాళీగా ఉందా? ఇక్కడైతే చెయ్యి పెట్టి చూసినాను. కొండ మీదకు మన చెయ్యి పోదు కదా. ఆలోచన పోవాలి."

ఆ ఆలోచన ఎలా పోతుందో తెలుసుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. చదివేవాళ్ళకు విసుగు రాకుండా చెప్పాలంటే అది ఇలా ఉంటుంది. ఒక ఉపగ్రహం కొండల మీదుగా పొద్దున పోతుంది, ఇంకొకటి మధ్యాహ్నం పోతుంది. ఈలోగా మబ్బు జరుగుతుంది కాబట్టి పొద్దున మూసుకున్న చోట కొంత మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది. రెండు చిత్రాలూ కలిపితే కొన్ని చిల్లులు పూడుతాయి. అప్పటికీ కనిపించని చోట ముందురోజూ మర్నాడూ చూస్తాం. నిన్న మంచు ఉండి, రేపూ ఉంటే ఇవాళ మాత్రం ఎక్కడికి పోతుంది? అదీ కుదరకపోతే కొండ ఎత్తు చూస్తాం. అదే ఎత్తులో, అదే దిక్కుకు వాలిన పక్క కొండ మీద మంచు ఉంటే ఇక్కడా ఉండే అవకాశం ఎక్కువ. ఇవన్నీ కాక, మబ్బుల్లోంచి దూసుకుపోయి చూసే మైక్రోవేవ్ చిత్రాలున్నాయి. కానీ వాటి చూపు మొద్దు. మా ఊరి నుంచి కావలి దాకా అంతా వాటి చిత్రంలో ఒకే చదరం, ఒకే గడి. ఆ గడిలో మంచు ఉందంటాయి గానీ ఏ మూల ఉందో చెప్పవు.

ఇన్ని చేసినా మిగిలిపోయే గడులు ఉంటాయి. వాటిని ఆవిడ బూడిద రంగులో ఉంచేవారు. మా మ్యాపులో మూడు రంగులు తప్పనిసరి. కళ్ళతో చూసిన మంచు తెలుపు. ఆధారాలతో ఊహించిన మంచు లేత నీలం. తెలియనిది బూడిద. మంచు లేని నేల మట్టి రంగులోనే ఉంటుంది. ఒకసారి నేను బూడిద గడులు మరీ ఎక్కువగా ఉన్నాయని, పక్క గడులను బట్టి నాలుగైదు చోట్ల నింపనా అని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. ఆవిడ కోప్పడటం నేను ఎప్పుడూ చూడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"నింపొచ్చు. ఎట్టా నింపుతావో నాకు చెప్పు. చెప్పగలిగితే నీలం వేద్దాం. చెప్పలేకపోతే బూడిదే. 'తెలియదు' అనేది కూడా ఒక కబురే సుజాతా. అది వినాల్సినవాళ్ళు ఉంటారు."

ఎవరు వినాలో, ఎందుకు వినాలో అప్పుడు నాకు తెలియలేదు. ఠాకూర్ గారు వచ్చాక తెలిసింది.

ఉత్తరాన ఒక లోయలో ఒక చిన్న ఆనకట్ట ఉంది. దాన్ని చూసుకునే ఇంజనీరు ఠాకూర్ గారు. ఆ లోయకు మేము గీసే మ్యాపులు ఆయన కోసమే. చలి తగ్గి మంచు కరిగే కాలం రాకముందే ఆయన ఒక నిర్ణయం తీసుకోవాలి. పైన మంచు బాగా ఉంటే, అది కరిగి ఒక్కసారిగా వచ్చే నీటికి చోటు చేయడానికి జలాశయంలో ఉన్న నీళ్ళు ముందే వదిలేయాలి. మంచు లేకపోతే వదలకూడదు. వదిలితే వేసవిలో దిగువ పొలాలకు చుక్క ఉండదు. ఆ ఏడాది లోయ మీద మబ్బు పట్టి వారాలు గడిచినా వీడలేదు. మేము పంపిన మ్యాపుల్లో నీలమూ బూడిదా తప్ప తెలుపు దాదాపు లేదు. ఫోనులో మాట్లాడి మాట్లాడి, చివరికి ఆయనే విమానమెక్కి, అద్దె కారులో మా మేడ గదికి వచ్చేశారు. మాసిన కోటు చేతి మీద వేసుకుని, చెమటతో తడిసి ముద్దయిన ఆయనకు కృపామణి గారు ముందు కొబ్బరిబోండం తెప్పించి ఇచ్చారు. ఆయన అది పూర్తి చేయకుండానే బ్యాగులోంచి రెండు మ్యాపులు తీసి బల్ల మీద పరిచారు. ఒకటి మాది. ఇంకొకటి ఏదో కంపెనీ గీసి ఇచ్చింది.

"చూడండి మేడం," అన్నారు హిందీలో. "వాళ్ళ దాంట్లో బూడిద రంగే లేదు. ఉన్నచోట ఉందన్నారు, లేనిచోట లేదన్నారు. మీరేమో సగం లోయకు తెలియదని రాశారు. ఇది పట్టుకుని మా పై అధికారుల ముందు నేనెలా కూర్చోవాలి?"

కృపామణి గారు రెండో మ్యాపు మీదకు వంగి చాలాసేపు చూశారు. తర్వాత దాని పక్కనే ఆ రోజు మబ్బుల చిత్రం తెర మీద తెరిచారు. "మబ్బున్న చోటల్లా వీళ్ళు మంచు లేదని రాసేశారు ఠాకూర్ గారూ. కనిపించలేదు కాబట్టి లేదనుకున్నారు. ఈ ఉత్తరం వాలు చూడండి. వాళ్ళు ఇది వట్టి నేల అంటున్నారు. నేను ఇక్కడ మంచు ఉందంటున్నాను, అదీ బాగానే ఉందంటున్నాను."

"మీరు చూశారా?"

"చూడలేదు. అందుకే నీలం వేశాను, తెలుపు వేయలేదు."

ఆయన నెత్తి పట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు, భయపడుతున్న మనిషి. కాస్త ఆగి మెల్లగా చెప్పారు. "ఎండ కాయడం మొదలైతే నాకు టైము ఉండదు. మీ మాట నమ్మి నీళ్ళు వదిలాక పైన మంచు లేదని తేలిందనుకోండి, దిగువ ఊళ్ళవాళ్ళు నన్ను బతకనివ్వరు. మీకూ ఈ పని ఉండదు. వాళ్ళ మాట నమ్మి వదలకుండా ఉండి, పైనుంచి నీళ్ళు వచ్చాయనుకోండి, నది ఒడ్డున ఇళ్ళున్నాయి. మీలో ఎవరో ఒకరు వచ్చి, ఆ వాలు మీద నిలబడి చెప్పండి. అప్పుడు తేలుస్తాను."

ఆవిడే వెళ్తారని నేను అనుకున్నాను. అన్నేళ్ళు ఆ కొండల్లో తిరిగిన మనిషి కదా. ఆవిడ నా వైపు తిరిగి చూసి, ఆయనతో అన్నారు, "సుజాత వస్తుంది."

ఆవిడ ఎందుకు వెళ్ళలేదో ఆ సాయంత్రం తెలిసింది. ప్రయాణానికి కావలసిన ఉన్నిబట్టలు ఇస్తానని నెల్లూరులో తన ఇంటికి తీసుకెళ్ళారు. ఇనప్పెట్టె తెరిచి కోటు, చేతి తొడుగులు, మందపాటి మేజోళ్ళు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పారు.

"నేను పోకూడదమ్మా. ఒకసారి పైన ఉండగా ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తు పడలేదు. మనుషులు కిందకు మోసుకొచ్చినారు. డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఇంకోసారి పైకి పోతే కిందకు తెచ్చే పని ఉండదన్నాడు."

"అందుకేనా మేడం ఇక్కడికి వచ్చేశారు?"

"అందుకే. మొదట్లో ఏడ్చినాను. మంచు మీద కాలు పెట్టకుండా మంచు గురించి ఏం చెప్తాను అని. తర్వాత ఒకరోజు ప్రార్థన చేసుకుని లేచి, ఉపగ్రహం మాత్రం కాలు పెట్టి చూస్తా ఉందా అనుకున్నాను. అప్పట్నుంచే ఈ పని." కోటు నా భుజాలకు పెట్టి కొలత చూశారు. "పైన తలనొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా ఓర్చుకోవద్దు. వెంటనే దిగిపో. మ్యాపు కోసం ఎవరూ చావకూడదు. మనిషి తిరిగొచ్చి చెప్తేనే అది మ్యాపు."

మా ఇంట్లో సంగతి చెప్పగానే నాన్న వల బాగుచేస్తున్నవాడు తలెత్తాడు. "ఏందమ్మే, నేను సముద్రం మీదకు పోతా ఉంటే వాకిట్లో నిలబడి ఏడ్చేదానివి. ఇప్పుడు నువ్వు కొండెక్కుతా ఉండావా?" అని, కాసేపటికి తనే నవ్వి, "పో పో. నేను వస్తా ఉండానా లేదా రోజూ? నువ్వూ వస్తావు," అన్నాడు. అమ్మ ఎండు చేపలు పొట్లం కట్టి బ్యాగులో పెట్టింది.

లోయకు చేరాక ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యేదాకా కింద ఊళ్ళోనే ఉంచారు. కృపామణి గారు ఫోనులో ఠాకూర్ గారికి మరీ మరీ చెప్పిన మాట అది. తర్వాత జీపులో దారి ఉన్నంతవరకు వెళ్ళి, అక్కడినుంచి ఆయనా నేనూ ఇద్దరు ఆఫీసు మనుషులూ నడిచాం. మబ్బు కిందకు కాదు, మబ్బు లోపలికే నడిచాం. ముందు నడిచే మనిషి వీపు కూడా మసకగానే కనిపిస్తోంది. రోజూ తెర మీద పైనుంచి చూసిన మబ్బు ఇదే కదా, ఇప్పుడు పైనుంచి చూస్తే నేను ఇందులో ఎక్కడా లేను కదా అనిపించింది. చుట్టూ రాళ్ళు, తడి మట్టి. కొంతదూరం పోయాక కూడా అంతే. ఠాకూర్ గారు ఆగి నా వైపు చూశారు. మంచు ఏదీ అని అడుగుతున్న ఆ చూపు నాకు అర్థమైంది. మేమెక్కడ ఉన్నామో చూపించే పరికరం చేతిలో ఉంది, అది చూసుకున్నాను. మా నీలం గడులు మొదలయ్యే గీత ఇంకా పైనే ఉంది.

"ఇంకొంచెం పైకి, ఆ గట్టు దాటాలి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గట్టు దాటి ఉత్తరం వాలులోకి అడుగు పెట్టాను. కాలు దిగిపోయింది. మోకాలి దాకా దిగిపోయింది. మొదట గోతిలో పడ్డాననుకున్నాను. వంగి తొడుగు తీసి చేత్తో ముట్టుకున్నాను. ఐసు పొడిలా గరుగ్గా ఉంటుందనుకున్నాను. పైన పలుచటి పెళుసు పొర, లోపల మెత్తగా, బరువుగా, నీరు పట్టి ఉంది. నేను పుట్టాక మొదటిసారి ముట్టుకున్న మంచు అది. ఏడాదిన్నరగా దాన్ని రోజూ చూశాను, దాని ఎల్లలు గీశాను, దాని గురించి వాదించాను. అది నా వేళ్ళ మధ్య కరుగుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఠాకూర్ గారు కొలకర్ర దించి చూస్తున్నారు. ఒకచోట, ఇంకోచోట, మరోచోట. ప్రతిచోటా కర్ర లోతుకే పోతోంది. ఆయన ముఖంలో రంగు మారడం ఆ మబ్బులో కూడా కనిపించింది.

దిగివచ్చి, ఫోను అందే చోటుకు చేరగానే ఆవిడకు చేశాను.

"మేడం, ఉంది! మోకాలి పైదాకా ఉంది. నీరు పట్టి బరువుగా ఉంది."

అవతల ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. "మంచిది తల్లీ. నువ్వెట్టా ఉన్నావు? తలనొప్పి లేదు కదా?"

"బాగున్నాను మేడం. రేపు దిగి వచ్చేస్తాం."

"రేపు దిగొద్దు. ఒళ్ళు బాగుంటే రేపు దక్షిణం వాలుకు పో. అక్కడ మంచు లేదని మనం చెప్పినాం. మనం గెలిచినచోటు చూసినావు, సరే. మనం ఓడిపోయే అవకాశం ఎక్కడ ఎక్కువుందో అక్కడికి కూడా పోవాలి."

మర్నాడు పోయాం. దక్షిణం వాలు చాలామటుకు వట్టి నేలే. కానీ ఒక లోతైన చీలిక వెంట, గాలి ఎత్తిపోసిన మంచు పొడుగ్గా పేరుకుని ఉంది. మా మ్యాపులో అక్కడ ఏమీ లేదు. నేను ఆ సంగతి ఆవిడకు కాస్త గొణుగుతూనే చెప్పాను. ఆవిడ గొంతులో మాత్రం ఉత్సాహం. "చూసినావా! గాలిని మనం లెక్కలోకి తీసుకోలేదు. ఠాకూర్ గారికి అది కూడా చెప్పు. పక్కనే ఉన్నారా? ఫోను ఇవ్వు, నేనే చెప్తా." తన మ్యాపు ఎక్కడ తప్పిందో ఆవిడ హిందీలో ఆయనకు వివరంగా చెప్తుంటే, ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని తల ఊపుతూ ఉండిపోయారు. ఫోను తిరిగి ఇస్తూ నాతో అన్నారు, "మీ ఉత్తరం వాలు గురించి నాకు నిన్నే నమ్మకం కుదిరింది. మీ మేడం మీద ఇవాళ కుదిరింది."

ఆ సాయంత్రమే ఆయన పై అధికారులతో మాట్లాడి, దిగువ ఊళ్ళకు కబురు పెట్టి, నీళ్ళు వదలడం మొదలుపెట్టారు. కొందరు ఆయన్ను తిట్టారు. నేను నెల్లూరు చేరాక కూడా మబ్బు వీడలేదు. రోజూ పొద్దున గదిలోకి వస్తూనే లోయ చిత్రం తెరిచేదాన్ని. కృపామణి గారు మాత్రం ఇంకో లోయ పని ముందేసుకుని మామూలుగా ఉండేవారు. ఒకరోజు మబ్బు చిరిగినట్టు చిరిగి, ఉత్తరం వాలు మొత్తం తెల్లగా బయటపడింది. వెనకే ఎండలు వచ్చాయి. నది పొంగిందని, వంతెన దగ్గర నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయని, ఖాళీ చేసిన జలాశయం ఆ వరదంతా పట్టుకుందని, ఇళ్ళలోకి నీరు రాలేదని ఠాకూర్ గారు ఫోను చేశారు. స్పీకరు పెట్టి విన్నాం. చివర్లో ఆయన అన్నారు, "మేడం, ఆ బూడిద రంగు అలాగే ఉంచండి. మా పై అధికారులకు దాని అర్థం నేను చెప్పుకుంటాను."

ఫోను పెట్టేశాక ఆవిడ లేచి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డారు. కళ్ళు తుడుచుకున్నారో, చెమట తుడుచుకున్నారో నేను అడగలేదు. తిరిగి వచ్చి, "నది ఒడ్డున ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసమ్మా. పైకి పోయేటప్పుడు ఆ ఊళ్ళోనే టీ తాగేదాన్ని," అన్నారు. అన్నాళ్ళూ మామూలుగా కనిపించిన మనిషి లోపల ఎంత భారం మోశారో అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం మాకోసం తెచ్చిన చేపల పులుసు చల్లారిపోయినా ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

ఆ తర్వాత చాలా పనులు చేశాం. గాలి ఎటు ఎత్తిపోస్తుందో లెక్కలోకి తెచ్చాం. బూడిద గడులు తగ్గాయి గానీ మాయం కాలేదు. ఆవిడ ఊపిరి మాత్రం ఏటికేడు తగ్గుతూ వచ్చింది. మేడ మెట్లెక్కలేని రోజు వచ్చాక ఇంటి నుంచే పని చూశారు. చివరిసారి నెల్లూరు ఆసుపత్రిలో కలిశాను. ముక్కుకు గొట్టం ఉంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. మీ పద్ధతిని జాగ్రత్తగా కాపాడతాను మేడం అన్నాను. ధైర్యం చెప్పాలని అన్న మాట. ఆవిడ కనుబొమలు ముడిచారు.

"కాపాడొద్దు. పడగొట్టాలని చూడు. నీ బలమంతా పెట్టి చూడు. పడకపోతే... అప్పుడు వాడుకో." ఊపిరి తీసుకుని, నా చెయ్యి నొక్కి, "నువ్వు చెయ్యగలవు. అందుకే ఆ రోజు నిన్ను పంపినాను," అన్నారు.

బుచ్చిరెడ్డిపాలెంలో చర్చి పక్కన ఆవిడ సమాధి ఉంది. సమాధి చేసిన రోజు ఠాకూర్ గారు అంతదూరం నుంచి వచ్చారు. భాష తెలియకపోయినా ప్రార్థన అయ్యేదాకా ఎండలో నిలబడే ఉన్నారు. వెళ్ళేటప్పుడు, "ఈ ఏడాది మ్యాపు ఎవరు పంపుతారు?" అని అడిగారు. "నేను పంపుతాను," అన్నాను.

ఇప్పుడు ఆ గది బాధ్యత నాది. ఏటా మంచు కరిగేముందు లోయకు వెళ్తాను. ఠాకూర్ గారు రిటైరయ్యారు. ఆయన స్థానంలో కొత్తగా వచ్చిన ఇంజనీరు ఈసారి నాతో నడిచాడు. మా మ్యాపు బాగా సరిపోయిన వాలు దగ్గర ఫోటోలు తీసుకుని దిగిపోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా లెక్క మీద నాకే నమ్మకం తక్కువగా ఉన్న తూర్పు చరియకు తీసుకెళ్ళాను. మేము మంచు ఉందన్నచోట తడి గడ్డి, చిన్న పసుపు పూలు. అతను ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు.

"మేడం, మీ మ్యాపు తప్పని మీరే వచ్చి చూపిస్తారా?"

"నేనే చూపించాలి," అన్నాను. "ఇంకొకరు చూపించేదాకా ఆగితే, అప్పటికి కింద ఊళ్ళోకి వరదైనా వచ్చి ఉంటుంది, పొలాలైనా ఎండిపోయి ఉంటాయి."

ఆ గడ్డిలో కూర్చుని, ఎక్కడ తప్పామో అతనికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.